ఓటేసే ముందు అభ్యర్థి నిర్ణయాలను తూచడం ఎలా?

ఎన్నికలు వచ్చాయంటే అభ్యర్థి గురించి మనం వేసుకునే ప్రశ్నలు మూడే. మనోడేనా? మంచోడేనా? గెలుస్తాడా? ఈ మూడింటికీ జవాబు టీకొట్టు దగ్గరే దొరుకుతుంది. దొరకనిది నాలుగోది: ఎటూ తేలని వ్యవహారం ముందుకొస్తే ఈ మనిషి ఏం చేస్తాడు? అసలు చూడాల్సింది ఇదేనని నాకనిపిస్తుంది. మంచివాళ్ళు కూడా ఘోరమైన నిర్ణయాలు తీసుకోగలరు మరి. చేతికి ఎముక లేదని పేరున్న నాయకుడు సొంత డబ్బు ఎలా ఖర్చుపెట్టినా మనకి అనవసరం. ఊరి డబ్బు దగ్గర కూడా అలాగే ఉంటేనే ఇబ్బంది.

పెళ్ళి సంబంధానికి చేసే వాకబులో సగం చేసినా ఓటుకి చాలు. ఆ వాకబు ఎక్కడ మొదలుపెట్టాలో, ఏం చూడాలో కింద రాస్తున్నాను. అసెంబ్లీ అభ్యర్థిని మనసులో పెట్టుకుని రాసింది ఇది. ఎంపీకి, సర్పంచికి తేడా వచ్చే చోట చెబుతాను. ఏ పార్టీకి వేయాలన్నది మాత్రం ఇందులో వెతకొద్దు.

ఆయన చేతిలో ఉన్నవేంటో ముందు రాసుకోండి

ఒక కాగితం తీసుకోండి. పింఛను పెంపు, రుణమాఫీ, కొత్త పథకం ఇవేవీ ఎమ్మెల్యే చేతిలో ఉండవు, మంత్రివర్గం తేలుస్తుంది. సభలో బిల్లు మీద ఓటు కూడా అంతే. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చినప్పటి నుంచి విప్ (పార్టీ ఆదేశం) ఎటంటే అటు చెయ్యెత్తాల్సిందే, లేకపోతే పదవికే ఎసరు. కాబట్టి ప్రచారంలో అభ్యర్థి చదివే హామీల్లో చాలా భాగం పార్టీది. దాన్ని పార్టీ ఖాతాలో వేసి విడిగా తూచండి.

ఆయన సొంత బుర్ర పనిచేసే చోట్లు వేరే ఉన్నాయి. ఎస్సై, తహసీల్దార్ పోస్టింగులకు ఎవరి పేరు మీద సిఫార్సు లేఖ ఇస్తాడు (రూలు ప్రకారం ఉండకూడదు, కానీ ఉంది, లేనట్టు నటించి లాభం లేదు). మార్కెట్ కమిటీకి, గుడి పాలకమండలికి ఎవరిని సూచిస్తాడు. రెండూళ్ళకి రోడ్డు కావాలి, డబ్బు ఒకదానికే వచ్చింది, ఏ ఊరు ముందు. కులాల మధ్య కొట్లాట జరిగిన రాత్రి స్టేషన్‌కి ఫోన్ చేసి ఏం చెబుతాడు. చెరువు శిఖంలో (నీళ్ళు నిలిచే నేలలో) ప్లాట్లకి రాళ్ళు పాతుతుంటే ఆపిస్తాడా, చూడనట్టు వెళ్ళిపోతాడా.

వీటిలో మీ బతుకుని తాకేవి రెండో మూడో రాసుకోండి. సాగర్ కుడి కాలువ చివరి ఆయకట్టు రైతుకి నీళ్ళ పంపకం పెద్ద విషయం. హైదరాబాద్ శివార్లలో ఫ్లాట్ కొన్నవాళ్ళకి నాలా, డ్రైనేజీ, లేఅవుట్ అనుమతులు. మీకేది ముఖ్యమో మీరు ముందే తేల్చుకోకపోతే ఆ పని ప్రచార రథం మైకు చేసేస్తుంది.

సర్పంచి ఎన్నికలో లెక్క మారుతుంది. అక్కడ పార్టీ గుర్తులుండవు కాబట్టి మొత్తం బరువు మనిషి మీదే. ఆయన నిర్ణయాలు చూడటం కూడా తేలిక. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే అని కట్టేశారు; సర్పంచి తెలివి తెలిసేది మిగతా 40 శాతంలో. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ తెరిస్తే ఏ పనికి ఎంత రాశారో కనిపిస్తుంది. పాత సర్పంచే మళ్ళీ నిలబడితే అది చూశాక వీధిలోకి వెళ్ళి ఆ పని కంటికి కనిపిస్తుందో లేదో చూడండి. మహిళలకి రిజర్వైన సీటైతే ఆమెతోనే మాట్లాడండి. ప్రతి ప్రశ్నకీ పక్కన కూర్చున్న భర్తే జవాబిస్తుంటే మీరు ఎవరిని ఎన్నుకోబోతున్నారో తెలిసిపోయినట్టే.

పాత నిర్ణయం ఒకటి తీసుకుని విప్పి చూడండి

రేపు చేస్తానన్నది ఎలాగైనా చెప్పొచ్చు. నిన్న చేసింది మార్చలేరు. అందుకే అభ్యర్థి గతంలో తీసుకున్న ఒక్క నిర్ణయాన్ని, ఒక్కదాన్నే, తీసుకుని నాలుగు విషయాలు అడగండి. అప్పటికి ఆయనకి ఏం తెలుసు? ఎవరిని సంప్రదించాడు? భారం ఎవరి మీద పడింది? తేడా కొట్టినప్పుడు ఏం చేశాడు?

ఫలితం బాగుందా లేదా అని ఐదో ప్రశ్న వేయలేదేమని అడగొచ్చు. ఫలితంలో అదృష్టం వాటా ఉంటుంది. వానలు దంచి కొట్టి చెరువులు నిండిన ఏడాది ఎమ్మెల్యే పేరు కూడా బాగానే ఉంటుంది. నిర్ణయం సరిగ్గా తీసుకున్నా దెబ్బతిన్నవాళ్ళున్నారు, గుడ్డిగా తీసుకుని గట్టెక్కినవాళ్ళూ ఉన్నారు. రెండోవాళ్ళు ప్రమాదం, ఎందుకంటే మళ్ళీ అలాగే చేస్తారు.

ఇప్పటి నాయకుల మీద మొదలుపెడితే మనసు ముందే ఒక పక్కకి లాగేస్తుంది. అందుకని ముందు పాత విషయం మీద ప్రాక్టీస్ చేయండి. మద్యనిషేధం దానికి బాగా పనికొస్తుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాని నిషేధించింది. 1994 డిసెంబర్‌లో సంపూర్ణ మద్యనిషేధం హామీతో గెలిచిన ఎన్టీఆర్ 1995 జనవరి 16 నుంచి దాన్ని అమల్లో పెట్టారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. సారా మీద నిషేధం మాత్రం అలాగే నిలిచింది.

ఇక్కడ ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు నిర్ణయాలు. ఒక్కోటి విడిగా చూడండి. 1995లో తెలిసిన విషయాలు తక్కువేం కాదు. ఎక్సైజు ఆదాయం ఖజానాకి పెద్ద ఊతం, పక్క రాష్ట్రాల్లో నిషేధం లేదు, అదే సమయంలో రెండు రూపాయల బియ్యం కూడా మళ్ళీ ఇవ్వాలి. పైగా ఇదే మద్యనిషేధం గొడవలో 1954లో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయిన చరిత్ర ఉంది. అంటే ముందే ఆలోచించుకోవడానికి బోలెడు సరుకుంది. ఎవరి మాట విన్నారన్న దగ్గర మంచి మార్కులే పడతాయి: ఊళ్ళలో ఆడవాళ్ళు రోడ్డెక్కి చెప్పిన మాట అది. భారం దగ్గరికొస్తే ఒక వైపు తాగుడు తగ్గి గిన్నె నిండిన ఇళ్ళు, ఇంకో వైపు ఖజానాకి గండి, సరిహద్దు దాటి వచ్చే దొంగ సరుకు, నాటుసారా బట్టీలు.

1997 నిర్ణయాన్ని మాట తప్పడం అన్నవాళ్ళున్నారు, వాస్తవం ఒప్పుకోవడం అన్నవాళ్ళున్నారు. నా లెక్కలో మూడింటిలో బాగా తూగేది 1993 నాటిది. ఫిర్యాదు దేని మీద వచ్చిందో దాన్నే పట్టుకుంది, మోయగలిగినంతే ఎత్తుకుంది. మీకు వేరేలా అనిపించొచ్చు, అందులో తప్పు లేదు. కానీ ఇలా విడగొట్టి మాట్లాడుకుంటే "మా నాయకుడు, మీ నాయకుడు" అనే వాదన కాసేపు పక్కకి పోతుంది చూడండి, ఆ కాసేపే మనకి కావాల్సింది.

ఇప్పుడు మీ నియోజకవర్గానికి రండి. బస్టాండు ఎక్కడికో మార్చారా? మార్కెట్ యార్డు తరలించారా? రోడ్డు వెడల్పు చేశారా? రోడ్డు వెడల్పయితే ఇంకా మంచిది, అది నేల మీద రాసిన రికార్డు. ఒక ఆదివారం ఆ రోడ్డు మీద నడవండి. మార్కింగ్ ఎవరి ప్రహరీ దగ్గర వంకర తిరిగిందో చూడండి. తోపుడు బండ్లవాళ్ళకి వేరే చోటు చూపించాకే ఖాళీ చేయించారా, పొద్దున్నే జేసీబీ తెచ్చారా అడగండి. నష్టపరిహారం చేతికి అందిందా, కాగితం మీదే ఉందా? అప్పట్లో ఎదురు తిరిగిన షాపులవాళ్ళు ఇప్పుడు ఏమంటున్నారు? మద్దతిచ్చినవాళ్ళ కన్నా వాళ్ళే ఎక్కువ వివరం చెబుతారు, కాస్త కారం తీసేసి వినాలంతే.

అభ్యర్థి కొత్తవాడైతే పదవిలో తీసుకున్న నిర్ణయం దొరకదు. పాల సొసైటీ నడిపాడా, సహకార సంఘంలో ఉన్నాడా, కాలేజీ పెట్టాడా, ఆస్పత్రి ఉందా అని చూడండి. కాలేజీ అయితే కోవిడ్ రెండేళ్ళలో లెక్చరర్ల జీతాలు ఏం చేశాడు? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికినా చాలు. "వ్యాపారంలో సక్సెస్ అయ్యాడు కదా" అన్నది మాత్రం అర మార్కే. నష్టం వచ్చే బ్రాంచి వ్యాపారి మూసేస్తాడు. ఎమ్మెల్యే ఊరిని మూసేయలేడు.

తప్పు బయటపడ్డాక ఏం చేశాడు

నాలుగో ప్రశ్న మీద ఇంకాస్త ఆగాలి. 1964లో కర్నూలు ప్రాంతంలో బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు ఆ స్కీమును కొట్టేసింది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి దురుద్దేశంతో చేశారన్న ఆరోపణకి ఆయన వైపు నుంచి ఖండన దాఖలు కాలేదని ఎత్తి చూపింది. ఆయనకి శిక్షేమీ పడలేదు, పదవిలోంచి దిగమని కోర్టు అనలేదు. అయినా ఆ ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. తర్వాత లోక్‌సభ స్పీకరయ్యారు, 1977లో రాష్ట్రపతి అయ్యారు. ఇందులో రెండు నిర్ణయాలున్నాయి. మొదటిది, ఆరోపణకి జవాబివ్వకుండా వదిలేయడం, పేలవమైనది. రెండోది, మాట పడ్డాక కుర్చీ పట్టుకు వేలాడకపోవడం. ఒకే మనిషిలో రెండూ ఉంటాయని ఒప్పుకుంటేనే తూకం సరిగ్గా వస్తుంది.

మీ అభ్యర్థి దగ్గర ఇంత పెద్ద ఘట్టం ఉండక్కర్లేదు. ఆయన హయాంలో కట్టిన వంతెన మొదటి వానకే కుంగితే ఆ రోజు ఏమన్నాడో పాత పేపర్లలో, యూట్యూబులో వెతకండి. "అధికారుల తప్పు", "గత ప్రభుత్వం పాపం", "ప్రతిపక్షం కుట్ర" అనే మూడు మాటలు తప్ప ఇంకేమైనా దొరికితే రాసుకోండి. దొరకడం అరుదు.

పార్టీ మారడాన్ని కూడా ఇక్కడే చూడాలి. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్ళారు. 2019 జూన్‌లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. 2023 ఎన్నికల తర్వాత బీఆర్‌ఎస్ నుంచి కాంగ్రెస్ వైపు వెళ్ళినవాళ్ళ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. కండువా మార్చడమే నేరమని నేను అనను, అభిప్రాయం మారొచ్చు. అడగాల్సింది ఇది: మారేముందు రాజీనామా చేసి మళ్ళీ మీ దగ్గరికి వచ్చాడా? అధికారం ఉన్న వైపు నుంచి లేని వైపుకి ఎప్పుడైనా మారాడా? ఎప్పుడూ ఒకే దిక్కుకి మారే మనిషి "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అంటే ఆ మాట ఎంత తూగుతుందో మీకు తెలుసు.

సభలో ఏం చేశాడన్నది త్వరగా చూసేయొచ్చు. ఎంపీ అయితే హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు పీఆర్‌ఎస్ అనే పరిశోధన సంస్థ సైటులో ఉంటాయి (మంత్రులకి ఈ లెక్క వర్తించదు, వాళ్ళు ప్రశ్నలడగరు). ఎమ్మెల్యేకి అంత వివరం దొరకదు కానీ శాసనసభ సమావేశాల వీడియోలుంటాయి. సభ బహిష్కరణ మన దగ్గర అన్ని పక్షాలకీ అలవాటైంది. 2017 చివర్లో వైసీపీ మానేసింది, 2021 నవంబర్‌లో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే వస్తానని వెళ్ళిపోయారు, 2024 తర్వాత మళ్ళీ వైసీపీ ఎక్కువగా దూరంగా ఉంది, తెలంగాణలో 2023 తర్వాత కేసీఆర్ కనిపించింది చాలా తక్కువ. పార్టీ చెప్పింది కాబట్టి వెళ్ళలేదంటే ఒప్పుకుందాం. ఆ ఖాళీ రోజుల్లో మీ సమస్య మీద కలెక్టరేట్‌కైనా వెళ్ళాడా?

అఫిడవిట్ చదివే పద్ధతి

నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26 అఫిడవిట్ ఇవ్వాలి. 2002లో సుప్రీంకోర్టు తీర్పు వల్ల వచ్చిన హక్కు ఇది. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌లో దొరుకుతుంది. మైనేతా సైటులో పాత ఎన్నికలవి కూడా ఉంటాయి. ఉపసంహరణ గడువుకీ పోలింగుకీ మధ్య రెండు వారాలకి మించి పెద్దగా టైముండదు కాబట్టి పాత అఫిడవిట్ ముందే చదివి పెట్టుకోండి.

చాలామంది చివర మొత్తం ఆస్తి అంకె చూసి "అబ్బో" అనుకుని మూసేస్తారు. అది అన్నిటికన్నా తక్కువ పనికొచ్చే అంకె. భూమి ధర పెరిగితే ఏం చేయకుండానే కోట్లు పెరుగుతాయి. మీరు స్థిరాస్తుల పట్టికలో కొన్న తేదీ, కొన్నప్పటి ధర, వారసత్వమా స్వార్జితమా అన్న గడులు చూడండి. తర్వాత పైకి వెళ్ళి గత ఐదేళ్ళ ఐటీ రిటర్నుల్లో చూపిన ఆదాయం చూడండి. ఉదాహరణకి భార్యాభర్తల ఆదాయం కలిపి ఏటా 8 లక్షలనీ, అదే ఐదేళ్ళలో రెండు కోట్లు పెట్టి భూమి కొన్నారనీ ఉందనుకోండి. అప్పుల గడి చూడండి. అక్కడ అప్పుంటే లెక్క కుదరొచ్చు. అప్పు లేదు, అమ్మిన ఆస్తీ లేదు అంటే ప్రశ్న మిగిలినట్టే. కొన్న తేదీ బైపాసు ప్రకటనకి ఆర్నెల్ల ముందైతే ఇంకో ప్రశ్న. ప్రభుత్వంతో కాంట్రాక్టులున్నాయా, కరెంటు, నీటి బకాయిలున్నాయా అన్న గడులు కూడా వదలొద్దు. అక్కడ 'నిల్' అని ఉండి, ఊళ్ళో వేసే ప్రతి రోడ్డూ బావమరిది కంపెనీదే అయితే అదీ రాసుకోండి.

కేసుల దగ్గర సంఖ్య చూసి బెదరొద్దు, సెక్షను చూడండి. ధర్నా చేసి, రాస్తారోకో చేసి తెచ్చుకున్నవి పాత ఐపీసీలో 188, 341, 143 లాంటివి. 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో 223, 126, 189. ప్రతిపక్షంలో ఉన్న ఐదేళ్ళలో ఇలాంటివి పాతిక పడినా ఆశ్చర్యం లేదు. 420 మోసం (ఇప్పుడు 318), 307 హత్యాయత్నం (109), 302 హత్య (103) వేరే సంగతి. అక్కడ కోర్టు అభియోగాలు నమోదు చేసిందా అన్న గడి ముఖ్యం. ఎఫ్‌ఐఆర్ ఎవరి మీదైనా పెట్టించొచ్చు. అభియోగాలు నమోదయ్యాయంటే ఒక జడ్జి కాగితాలు చూసి విచారణకి తగినది ఉందన్నట్టు. కేసులున్న అభ్యర్థికి టికెట్ ఎందుకిచ్చిందో పార్టీ కారణం ప్రచురించాలని, గెలుస్తాడన్నది ఒక్కటే కారణంగా చూపకూడదని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కారణం చదవండి. అందులో తెలిసేది అభ్యర్థి కన్నా పార్టీ పెద్దల తెలివి.

చుట్టూ ఎవరున్నారు

ఏ ఎమ్మెల్యే అయినా రోజుకి పది నిర్ణయాలు తీసుకుంటే ఎనిమిది పక్కనున్నవాళ్ళు తీసుకున్నవే. పీఏ ఎవరు? మండలాల వారీగా ఎవరి మాట చెల్లుతుంది? కొడుకో తమ్ముడో షాడో ఎమ్మెల్యేగా తిరుగుతున్నాడా? సీఎం రిలీఫ్ ఫండ్ దరఖాస్తు పెట్టుకున్న ఇల్లు మీ వీధిలో ఒకటైనా ఉంటుంది. వాళ్ళని అడగండి: సంతకం ఎన్ని రోజులకి అయింది, మధ్యలో ఎవరైనా చెయ్యి చాచారా, మీరు ఏ పార్టీ అని అడిగారా. ఆఫీసు నడిపే తీరు దానిలో కనబడినంతగా మేనిఫెస్టోలో కనబడదు.

ఇంకోటి. ఆ నాయకుడి ముందు "అది వద్దన్నా, తప్పవుతుంది" అనగలిగేవాడు ఒక్కడైనా ఉన్నాడా? పాత అనుచరులు ఎందుకు దూరమయ్యారో కనుక్కోండి. పదవి రాలేదని అలిగి పోయినవాళ్ళని వదిలేయండి. చెప్పినా వినలేదని తప్పుకున్నవాళ్ళుంటే వాళ్ళతో ఒక పూట కూర్చోవడం దండగ కాదు.

ప్రశ్న ఎలా అడగాలి

"మా కాలువ బాగు చేయిస్తారా?" అని అడిగితే "తప్పకుండా" అంటాడు. అందరూ అంటారు. ఒకరికిస్తే ఇంకొకరికి తగ్గే ప్రశ్న వేయాలి. రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన అడిగాడనుకోండి:

"బాబూ, ఈ ఏడు కాలువకి సగం నీళ్ళే వచ్చాయనుకో. పైన వరి, కింద మిర్చి. ఎవరికి ఆపిస్తావు?"

ఒకాయన ఇలా అంటాడు: "ఒక్క ఎకరం కూడా ఎండనివ్వను పెద్దాయనా. అందరికీ నీళ్ళిస్తాం."

ఇంకొకాయన: "వారబందీ పెట్టించాల్సిందే పెద్దాయనా, వంతులవారీగా నీళ్ళు. పైన రాత్రిపూట తూములు ఎత్తకుండా లస్కర్లని కావలి పెట్టాలి, వాళ్ళు సరిపడా లేరు, ముందు అది చూడాలి. పైవాళ్ళు నన్ను తిడతారు, తెలుసు."

చప్పట్లు మొదటాయనకే పడతాయి. రెండో ఆయన లెక్క ముందే వేసుకున్నాడు: ఏం కావాలి, ఏం లేదు, ఎవరికి కోపం వస్తుంది. మీ కాగితం మీద మార్కులు ఎవరికి వేయాలో మీ ఇష్టం, నేనైతే తిట్లు లెక్కేసుకున్నవాడికి వేస్తాను. "అది నాకు తెలీదు, ఇంజనీర్ని అడిగి చెబుతా" అని నిజంగా వారం తర్వాత ఫోన్ చేసినవాడికి ఇంకా ఎక్కువ.

అడిగేటప్పుడు అందరు అభ్యర్థులనీ ఒకే ప్రశ్న అడగండి, లేకపోతే పోల్చలేం. ఇంటింటి ప్రచారంలో హారతి పళ్ళెం, డప్పుల మధ్య ఏదీ వినబడదు, అక్కడ ప్రయత్నించి అలసిపోకండి. ఎన్నికలు లేని రోజుల్లో ప్రజాదర్బార్ దగ్గరో, పెళ్ళిలోనో, పరామర్శకి వచ్చినప్పుడో అడిగితే అసలు మనిషి మాట్లాడతాడు. విదేశాల్లో ఉండి ఇంటికి ఫోన్ చేసి ఎవరికి వేయాలో చెప్పే పిల్లలకి ఒక మాట: ఫారం 6ఎతో మీరూ ఓటరుగా నమోదు కావొచ్చు, కాకపోతే ఓటు వేయడానికి పాస్‌పోర్టుతో బూత్‌కి రావాల్సిందే. రాలేకపోతే అమ్మానాన్నలకి గుర్తు పేరు చెప్పడం కన్నా అఫిడవిట్ చదివి వినిపించడం నయం.

తూకం తప్పించేవి

డబ్బు ముందు. ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, ఎంపీకి 95 లక్షలు. ఒక్క బూత్‌లో వెయ్యి మందికి రెండేసి వేలంటే 20 లక్షలు. నియోజకవర్గంలో బూత్‌లు రెండు వందలకి పైనే ఉంటాయి. అవతలవాడూ పంచుతున్నాడు, మనకేం నష్టమని అనుకుంటాం. నిర్ణయాల సంగతి చూసే మనిషిగా ఒక్కటే అడగండి: ఇంత అప్పు నెత్తిన పెట్టుకుని పదవిలోకి వెళ్ళేవాడు మొదటి ఏడాది ఎవరి ఫోన్ ముందు ఎత్తుతాడు?

వాట్సాప్ క్లిప్పులు రెండోది. ముప్పై సెకన్ల ముక్క చూసి కోపమొస్తే పూర్తి ప్రసంగం వెతకండి, దొరక్కపోతే ఆ ముక్కని లెక్కలోంచి తీసేయండి. గొంతులు కూడా తయారు చేస్తున్న రోజులివి.

కులం సంగతి నేను దాటేయను. మన కులం అభ్యర్థి తప్పుడు నిర్ణయం తీసుకుంటే "ఏదో కారణం ఉండే ఉంటుంది" అంటాం, అవతలి కులం వాడు అదే చేస్తే "వాళ్ళంతే" అంటాం. పేర్లు కొట్టేసి 'ఎ', 'బి' అని రాసుకుని పాత నిర్ణయాలని మీ ఇంట్లో ఇంకొకరికి చదివి వినిపించండి. వాళ్ళు ఎవరిని ఎంచుకున్నారో చూస్తే మీకే కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

చివరికి ఎలా తేల్చాలి

పార్టీకి ఎంత, మనిషికి ఎంత అన్నది ఒకే సూత్రంతో తేలదు. ప్రభుత్వం ఎవరిదన్నదే మీకు పెద్ద విషయమైతే పార్టీకి ఎక్కువ బరువు ఇవ్వండి, అది తెలివితక్కువ పనేం కాదు. అయితే మొదట రాసుకున్న కాగితంలో ఉన్నవన్నీ స్థానిక విషయాలే అయితే మనిషికే ఎక్కువ. పార్టీ బాగుంది, అభ్యర్థి నిర్ణయాలు భయం పుట్టిస్తున్నాయి అనిపిస్తే, ఆ పార్టీ ఆయన్ని ఎంచుకోవడం కూడా ఒక నిర్ణయమేనని గుర్తుంచుకుని పార్టీకి వేసిన మార్కుల్లో కొంచెం కోయండి.

ఇద్దరూ సమానంగా తూగితే నేను చూసేది, ఎవరి తప్పు దిద్దడం తేలికన్నది. విమర్శించిన విలేకరి మీద, ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టిన కుర్రాడి మీద కేసు పెట్టించిన చరిత్ర ఎవరికి ఉంది? గ్రామసభలో ఎదురు ప్రశ్న వస్తే మైకు లాక్కున్నది ఎవరు? అలా చేయనివాడికి నా ఓటు.

ఇద్దరూ పనికిరారనిపిస్తే నోటా ఉంది, 2013 నుంచి. అది ఎవరినీ ఓడించదు. నోటాకి అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా అసెంబ్లీ ఎన్నికలో తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. అందుకని నోటా నొక్కే ముందు యంత్రం మీద మూడో పేరు నుంచి చివరి పేరు దాకా ఉన్నవాళ్ళ అఫిడవిట్లు కూడా ఒకసారి తెరవండి. స్వతంత్రుల్లో ఓట్లు చీల్చడానికి నిలబెట్టినవాళ్ళు ఉంటారు, ఏళ్ళ తరబడి ఊరి పనులు నెత్తినేసుకున్నవాళ్ళూ అప్పుడప్పుడు ఉంటారు.